పంతొమ్మిదో నిమిషం తరువాత

(తిరుపతిలో సైన్సు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. వక్త శ్రీహరికోటలో వాతావరణ పరిశీలన విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు. చివర్లో విద్యార్థుల ప్రశ్నలు, వాటికి ఆయన జవాబులు కూడా ఉన్నాయి.)

వేదిక మీద ఉన్న పెద్దలకు, లెక్చరర్లకు, నా ముందున్న పిల్లలందరికీ నమస్కారం.

2024 ఫిబ్రవరి 17, శనివారం. సాయంత్రం 5 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్14 లేచింది. దాని తలలో 2274 కిలోల వాతావరణ ఉపగ్రహం, ఇన్‌శాట్-3డీఎస్. మీలో చాలామంది ఆ పూట మిద్దెలెక్కి తూర్పుకు చూసి ఉంటారు, లేకపోతే టీవీలో చూసి ఉంటారు. దాదాపు పంతొమ్మిది నిమిషాలకు ఉపగ్రహం రాకెట్ నుంచి విడిపోయింది. కంట్రోల్ రూములో అందరూ లేచి చప్పట్లు కొట్టారు, చేతులు కలుపుకున్నారు, మైకులో నాలుగు మాటలు మాట్లాడారు. ప్రసారం ఆగింది. మనమూ టీవీ కట్టేశాం.

ఆ చప్పట్లు వాళ్ళ కష్టానికి తగినవే. కానీ ఆ నిమిషానికి ఉపగ్రహం ఇంకా ఒక్క మబ్బును కూడా చూడలేదు. ఉండాల్సిన చోటికి చేరలేదు. రెక్క విప్పుకోలేదు, కెమెరా తెరవలేదు. ఈ రోజు నేను చెప్పాలని వచ్చింది ప్రసారం ఆగిపోయాక జరిగే పని గురించి. దాంతోపాటు ప్రసారం మొదలు కాకముందు జరిగే పని గురించి కూడా చెబుతాను, నా సర్వీసంతా అందులోనే గడిచింది కాబట్టి. మధ్యలోని పంతొమ్మిది నిమిషాల గురించి పేపర్లు బాగానే రాస్తాయి, నేను త్వరగా దాటేస్తాను.

ముందు, ఆ ఉపగ్రహం ఎక్కడ ఉండాలో చూద్దాం. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున. ఆ ఎత్తులో భూమి చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయమూ అంతే. తిరుపతి నుంచి చిత్తూరుకు రెండు బస్సులు పక్కపక్కనే ఒకే వేగంతో పోతున్నాయనుకోండి. ఈ బస్సు కిటికీలోంచి చూస్తే ఆ బస్సు కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కదలకుండా ఉన్నట్టే కనిపిస్తాడు. ఆ ఉపగ్రహం మనకు అలాగే కనిపిస్తుంది. సెకనుకు మూడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ, బంగాళాఖాతం మీద నుంచి చూపు మరల్చకుండా ఉంటుంది.

చూపు మరల్చకపోవడం ఎంత ముఖ్యమో పాత చరిత్ర చెబుతుంది. ప్రపంచంలో మొదటి వాతావరణ ఉపగ్రహం అమెరికా వాళ్ళ టైరోస్-1. 1960 ఏప్రిల్ 1న పంపారు, 78 రోజులు పనిచేసింది. అది కిందుగా తిరిగే ఉపగ్రహం. తలమీదుగా పోయినప్పుడు ఒక ఫోటో తీసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేలోగా మబ్బు ఎటు పోయిందో, ఎంత పెరిగిందో దానికి తెలియదు. తుపాను విషయంలో మనకు కావలసింది సరిగ్గా ఆ మధ్య గంటలే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేలమందికి పైగా పోయారు. మీ తాతలను, నాయనమ్మలను అడగండి, ఆ పేరు వింటే ఇప్పటికీ ఒక నిమిషం మాట్లాడరు. అప్పటికి మనకంటూ ఒక వాతావరణ ఉపగ్రహం లేదు. పరాయి దేశాల ఉపగ్రహాలు మన మీదుగా పోతూ పంపిన బొమ్మలే దిక్కు. ఆ తరువాత 1982 ఏప్రిల్‌లో ఇన్‌శాట్-1ఏను అమెరికా రాకెట్ మీద పంపించాం. కొన్ని నెలలకే, సెప్టెంబరులో చేజారిపోయింది. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్‌లో ఇన్‌శాట్-1బీ వెళ్ళింది. పైకి చేరాక దాని సౌర ఫలకం విప్పుకోక ఇరుక్కుపోయింది. రెండు వారాలు నానా తంటాలు పడితే సెప్టెంబరు మధ్యలో విప్పుకుంది. ఆ ఉపగ్రహమే ఏళ్ళ తరబడి దూరదర్శన్ వార్తల్లో మనకు మబ్బుల బొమ్మ చూపించింది. ఆ ఫలకం విప్పుకోకపోయుంటే మనం ఇంకో అయిదారేళ్ళు గుడ్డిగానే ఉండేవాళ్ళం.

అచ్చంగా వాతావరణం కోసమే తయారుచేసి, మన గడ్డ మీద నుంచి మన రాకెట్‌తో పంపిన మొదటి ఉపగ్రహం 2002 సెప్టెంబరు 12న వెళ్ళింది. పీఎస్‌ఎల్‌వీ-సీ4, బరువు 1060 కిలోలు, పేరు మెట్‌శాట్. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న కొలంబియా ప్రమాదంలో కల్పనా చావ్లా చనిపోయారు. నాలుగు రోజులకు, ఫిబ్రవరి 5న, ఆ ఉపగ్రహానికి కల్పన-1 అని పేరు పెట్టారు. పీఎస్‌ఎల్‌వీ అంత ఎత్తు కక్ష్య వైపు ఒక ఉపగ్రహాన్ని విసరడం అదే మొదటిసారి. 2013 జూలైలో ఇన్‌శాట్-3డీ ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్ళింది. 2016 సెప్టెంబరు 8న ఇన్‌శాట్-3డీఆర్ మన జీఎస్‌ఎల్‌వీ మీద వెళ్ళింది. 3డీఎస్ ఆ కుటుంబంలో మూడోది.

ఇప్పుడు ప్రయోగానికి ముందు జరిగే పని. వాతావరణం చూడడానికి పోయే ఉపగ్రహమైనా సరే, బయలుదేరే ముందు వాతావరణం ఒప్పుకోవాలి. వాన పడితే రాకెట్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. మామూలు వానకు మన రాకెట్లు దెబ్బతినవు, అందుకు తగ్గట్టే కడతారు. 2008 అక్టోబరులో చంద్రయాన్-1 పంపేటప్పుడు ముందు రోజుల్లో వానలు పడుతూనే ఉన్నాయి. భయపెట్టేవి రెండు. పిడుగు ఒకటి, పైగాలి ఒకటి.

పిడుగు సంగతి చూడండి. 1969 నవంబరులో అపోలో-12 లేచిన నిమిషంలోపే రెండుసార్లు పిడుగు తగిలింది. ఆ సమయంలో చుట్టుపక్కల సహజంగా మెరుపులు లేవు. రాకెట్టూ, దాని వెనక సాగే వేడి మంటా కలిసి పొడవాటి విద్యుత్ వాహకంలా తయారై, మబ్బులో ఉన్న విద్యుత్తును తామే కిందికి లాగాయి. ఆ వ్యోమగాములు బతికి బయటపడ్డారు. 1987 మార్చిలో ఒక అట్లాస్-సెంటార్ రాకెట్ ఇలాగే పిడుగు తగిలి, కంప్యూటర్ దెబ్బతిని, దారి తప్పి నాశనమైంది. అందుకే పైన మబ్బు ఎంత మందంగా ఉంది, దానిలో విద్యుత్ క్షేత్రం ఎంత ఉంది, ఎంత దూరంలో క్యుములోనింబస్, అంటే ఉరుముల మబ్బు, పెరుగుతోంది అని చివరి నిమిషం దాకా చూస్తూనే ఉంటాం. శ్రీహరికోటలో ఉన్న డాప్లర్ రాడార్ ముందు కూర్చున్నవాళ్ళకు ఆ రోజు టీ తాగే తీరిక కూడా ఉండదు.

ఇక పైగాలి. రాకెట్ పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది, గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిసి ఒత్తిడి ఎక్కువగా పడే చోటు పది కిలోమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. సరిగ్గా ఆ ఎత్తుకు కొంచెం పైన, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మన దక్షిణాది మీద తూర్పు జెట్ అనే పెద్ద గాలి పారుతుంది. 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో గంటకు వంద కిలోమీటర్లు దాటి వీస్తుంది. నేల మీద ఆకు కదలదు, పైన అంత గాలి. రాకెట్ ఒక్క డిగ్రీ, రెండు డిగ్రీలు పక్కకు తిరిగి ఆ గాలిని ఎదుర్కొన్నా నడుము మీద పడే భారం చాలా ఎక్కువ. అందుకని ప్రయోగానికి ముందు బెలూన్లు వదులుతాం. ఒక్కో బెలూన్ నిమిషానికి మూడు వందల మీటర్ల చొప్పున ఎక్కుతూ, ప్రతి ఎత్తులో గాలి ఎటు ఎంత వేగంతో ఉందో రేడియోలో చెబుతుంది. ఆ లెక్కను బట్టి రాకెట్ ఏ సెకనులో ఎంత వంగాలో ఆ రోజుకు తగ్గట్టు ప్రోగ్రాం రాసి కంప్యూటర్‌లో పెడతారు. నిన్నటి గాలికి వేసిన దారి ఈ రోజు పనికిరాదు. కొండంత రాకెట్‌కు దారి ఒక సంచెడు వాయువు నింపిన బెలూన్ చెప్పడం అనేది ఎన్నిసార్లు చూసినా నాకు పాతబడలేదు.

మీకు దగ్గరలో ఇంకో గొప్ప చోటు ఉంది. చిత్తూరు రోడ్డులో పోతుంటే వచ్చే గాదంకి. టోల్‌గేటు అనగానే అందరికీ తెలుస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఎంతమందికి తెలుసు? ఆ ఆవరణలో 1024 యాగీ యాంటెనాలు నేల మీద బారులు తీరి ఉంటాయి. అవన్నీ కలిసి ఒకే రాడార్. అది 53 మెగాహెర్ట్జ్ తరంగాలను నిటారుగా పైకి పంపి, గాలిలోని చిన్న చిన్న సుడుల నుంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. మబ్బు లేకపోయినా సరే, ఇరవై కిలోమీటర్ల ఎత్తు దాకా గాలిని కొలుస్తుంది. నేను చెప్పిన తూర్పు జెట్ గురించి చాలా సంగతులు మన పాకాల పక్కన తేలాయి. మీ ఊరి గొప్పలు చెప్పుకునేటప్పుడు దాన్ని కూడా చెప్పుకోండి.

సరే, కౌంట్‌డౌన్ అయింది. జీఎస్‌ఎల్‌వీలో ఒక ప్రత్యేకత ఉంది. మధ్యలో 139 టన్నుల ఘన ఇంధనం ఉన్న పెద్ద మోటారు, దాని చుట్టూ నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్లు, అంటే పక్కన కట్టిన అదనపు ఇంజన్లు. సున్నాకు 4.8 సెకన్ల ముందు ఆ నాలుగు స్ట్రాపాన్లను వెలిగిస్తారు. నాలుగూ సరిగ్గా తోస్తున్నాయని కంప్యూటర్ చూసుకున్నాకే మధ్య మోటారు వెలుగుతుంది. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపలేం. 2001 మార్చి 28న మొదటి జీఎస్‌ఎల్‌వీకి ఒక స్ట్రాపాన్ తగినంత తోపు ఇవ్వలేదు. సెకను ముందు కంప్యూటర్ అన్నీ ఆపేసింది. వేదిక మీద మంట వచ్చింది, రాకెట్ మాత్రం మిగిలింది. మూడు వారాల్లో, ఏప్రిల్ 18న, అదే రాకెట్ ఎగిరింది.

మూడో దశ క్రయోజెనిక్. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్. ఈ దశ మనల్ని చాలా ఏడిపించింది. 2010లో రెండుసార్లు జీఎస్‌ఎల్‌వీ సముద్రంలో పడింది. 2014 జనవరి 5న మన సొంత క్రయో ఇంజను పనిచేసినప్పుడు మేము శ్రీహరికోటలో ఎంత సంతోషపడ్డామో మాటల్లో చెప్పలేను. 2021 ఆగస్టు 12న మళ్ళీ దెబ్బ తగిలింది. ఒక వాల్వు లీకై హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి నిలవలేదు, క్రయో ఇంజను వెలగలేదు, ఉపగ్రహం పోయింది. 3డీఎస్ ఎక్కింది ఈ చరిత్ర అంతా ఉన్న రాకెట్ మీద. అందుకే ఆ పంతొమ్మిదో నిమిషాన అంత గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇక టీవీ కట్టేశాక జరిగిన సంగతి.

రాకెట్ ఉపగ్రహాన్ని వదిలింది గుండ్రని కక్ష్యలో కాదు, బాగా సాగిన కక్ష్యలో. ఒక చివర భూమికి 170 కిలోమీటర్ల దూరం, ఇంకో చివర 36 వేలు దాటిన దూరం. దగ్గరి చివర వేగం సెకనుకు పది కిలోమీటర్లకు పైన, దూరపు చివర ఒకటిన్నర చిల్లర. ఆ దూరపు చివర మూడు కిలోమీటర్లు కావాలి. ఆ మిగిలిన వేగం ఉపగ్రహం తన సొంత ఇంజనుతో సంపాదించుకోవాలి. అందుకే అది మోసుకెళ్ళే బరువులో సగానికి పైగా ఇంధనమే ఉంటుంది. 3డీఆర్‌లో చూస్తే 2211 కిలోల్లో 1255 కిలోలు ఇంధనం. కెమెరాలు, యాంటెనాలు, బ్యాటరీలు, చట్రం అన్నీ కలిపి వెయ్యి కిలోలు లేవు.

ఆ ఇంజనును నడిపేది కర్ణాటకలోని హాసన్‌లో ఉన్న మాస్టర్ కంట్రోల్ ఫెసిలిటీ. ఉపగ్రహం దూరపు చివరకు వచ్చే వేళ చూసుకుని, మొహం సరైన దిక్కుకు తిప్పి, ఇంజను వెలిగించి, లెక్క ప్రకారం ఆపాలి. తరువాత కొత్త కక్ష్య ఎలా వచ్చిందో కొలవాలి. మళ్ళీ వెలిగించాలి. దానితోపాటే కక్ష్య వాలును కూడా సరిచేయాలి, ఎందుకంటే శ్రీహరికోట భూమధ్యరేఖ మీద లేదు. 3డీఎస్‌కు నాలుగు విడతలుగా ఈ పని ఫిబ్రవరి 22 నాటికి ముగించారు. ఆ అయిదు రోజులు హాసన్‌లో రాత్రి పగలు తేడా ఉండదు. ఏ చానలూ ప్రసారం చేయదు. నా దృష్టిలో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన వాళ్ళ జాబితాలో ఆ గదిలో ఉన్నవాళ్ళ పేర్లు రాకెట్ వాళ్ళతో సమానంగా ఉండాలి.

ఈ వాతావరణ ఉపగ్రహం బొమ్మ ఎప్పుడైనా చూస్తే గమనించండి, దానికి సౌర ఫలకం ఒక పక్కనే ఉంటుంది. టీవీ ఉపగ్రహాలకు రెండు పక్కలా ఉంటాయి. కారణం ఏమంటే, పరారుణ కిరణాలను పట్టే పరికరాన్ని బాగా చల్లగా ఉంచాలి. వేడిమిని పట్టే పరికరం తానే వేడిగా ఉంటే మబ్బు వేడిమి ఏది, తన వేడిమి ఏది అని తేల్చుకోలేదు. అందుకని ఒక పక్కను శూన్యంలోని చలికి తెరిచి పెడతారు. ఆ పక్కన ఎండలో కాగిన ఫలకం ఉంటే ఆ వేడి వచ్చి తగులుతుంది. అందుకే ఒంటి రెక్క. ఇంకో ఇబ్బంది మార్చి, సెప్టెంబరు నెలల్లో వస్తుంది. అప్పుడు ప్రతి అర్ధరాత్రి ఉపగ్రహం భూమి నీడలోకి పోతుంది, గరిష్ఠంగా 72 నిమిషాలు. అంతసేపు బ్యాటరీ మీదే బతకాలి.

మార్చి 7న 3డీఎస్ మొదటి బొమ్మలు తీసింది. అంటే ప్రయోగం నుంచి దాదాపు మూడు వారాలకు. ఆ బొమ్మలు తీసే కెమెరాను ఇమేజర్ అంటారు. ఇమేజర్‌లో ఒక చిన్న అద్దం అటూ ఇటూ కదులుతూ వరస వరసగా భూగోళమంతా గీస్తుంది. మొత్తం గీయడానికి 26 నిమిషాలు. ఆరు చానళ్ళు ఉంటాయి. మామూలు వెలుతురుకు ఒకటి, నీటి ఆవిరికి ఒకటి, వేడిమికి రెండు, ఇలా. రాత్రి పూట పనికొచ్చేది వేడిమి చానలు. ఎత్తుకు పోయేకొద్దీ చలి పెరుగుతుంది కదా, మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో తెలిస్తే అది ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలిసిపోతుంది. మైనస్ 70, మైనస్ 80 డిగ్రీలు చూపించే మబ్బు కింద పెద్ద ఉరుముల వాన ఉందని అర్థం. ఇమేజర్‌తోపాటు సౌండర్ ఉంది, దానికి 19 చానళ్ళు. అది గాలి పొరలో ఏ ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ ఉందో లెక్కకట్టడానికి.

తుపాను బలాన్ని ఎలా కొలుస్తారో మీలో ఎవరైనా ఆలోచించారా? మన బంగాళాఖాతంలో తుపాను లోపలికి మామూలుగా విమానాలు పంపి కొలవరు. ఆ సుడిలో ఓడ ఉంటే అది తప్పించుకునే పనిలో ఉంటుంది. కాబట్టి ఉపగ్రహం బొమ్మే గతి. 1970లలో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. మబ్బుల పట్టీ కేంద్రం చుట్టూ ఎంత చుట్టుకుంది, కన్ను ఏర్పడిందా, కన్ను లోపలి వేడికీ చుట్టూ ఉన్న మబ్బు చలికీ ఎంత తేడా, ఇవి చూసి ఒక టి-నంబరు ఇస్తారు. 1.5 అయితే వాయుగుండం. 2.5 అయితే తుపాను. అక్కడి నుంచి పైకి. బొమ్మ చూసి మనిషి ఇచ్చే ఆ నంబరు మీదనే రేవుల్లో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయాలి, ఏ పల్లె ఖాళీ చేయాలి అన్నది మొదలవుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే ముందు ఒడిశాలో, మన ఉత్తరాంధ్రలో కలిపి పది లక్షలమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ప్రాణనష్టం పదుల్లో ఆగింది. దివిసీమ పక్కన ఆ లెక్క పెట్టి చూడండి. అప్పటికి ఇన్‌శాట్-3డీ పైకి వెళ్ళి మూడు నెలలు కూడా కాలేదు.

ఈ ఉపగ్రహం ఇంకో రెండు పనులు చేస్తుంది, ఎవరూ చెప్పరు. ఎక్కడో కొండ మీద మనిషి లేకుండా నడిచే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పంపే కొలతలను అందుకుని కింద కార్యాలయానికి దించుతుంది. నడిసముద్రంలో ఆపదలో పడిన పడవ 406 మెగాహెర్ట్జ్ బీకన్, అంటే ఆపద కబురు పంపే పరికరం, నొక్కితే ఆ కేకను పట్టుకుంటుంది. మన జిల్లాలో ఇప్పుడు సముద్రతీరం కూడా ఉంది. వాకాడు మండలం తూపిలిపాలెం నుంచి వేటకు పోయేవాళ్ళకు ఈ బీకన్ విలువ తెలుసు.

నేను చెప్పాలనుకున్నది దాదాపు అయింది. ప్రశ్నలు ఉంటే అడగండి. మొహమాటపడొద్దు.

విద్యార్థి: సార్, ఇన్ని ఉపగ్రహాలు ఉన్నాయి కదా. మరి 2021 నవంబరులో తిరుపతి ఎందుకు మునిగింది? ముందే తెలియలేదా?

మంచి ప్రశ్న అడిగావు నాయనా. నిజానికి ఈ ప్రశ్న కోసమే నేను వచ్చాననుకో.

వాయుగుండం సంగతి ముందే తెలుసు. అతిభారీ వానలు పడతాయన్న హెచ్చరికా వచ్చింది. అది నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. తెలియనిది ఏమంటే, అన్నిటికంటే పెద్ద వాన ఏ గంటలో, ఏ కొండ మీద, ఏ వంకలోకి దిగుతుందన్నది. దీనికి కారణాలు ఉన్నాయి, ఒక్కొక్కటిగా చెబుతాను.

ఉపగ్రహం వేడిమి బొమ్మలో ఒక్క చుక్క నేల మీద నాలుగు కిలోమీటర్లు. అలిపిరి నుంచి రేణిగుంట దాకా మూడు చుక్కలే. నువ్వూ నేనూ, రైల్వే స్టేషనూ, స్వర్ణముఖీ అన్నీ అందులో పడిపోతాం. రెండోది, ఆ చానలు మబ్బు నెత్తినే చూస్తుంది, కింద పడే వాన దానికి కనిపించదు. చాలాచోట్ల నెత్తిని బట్టి వానను ఊహించొచ్చు. కానీ మన దగ్గర శేషాచలం ఉంది. సముద్రం నుంచి తేమతో వచ్చిన తూర్పు గాలి కొండను తగిలి పైకి లేస్తుంది. అక్కడ మబ్బు మరీ ఎత్తుకు ఎదగకపోయినా వాన దంచి కొడుతుంది. పైనుంచి చూస్తే అంత భయంకరంగా కనిపించదు.

మరి రాడార్ ఉంది కదా అంటావు. ఉంది. శ్రీహరికోట ఇక్కడికి తిన్నగా ఎనభై అయిదు కిలోమీటర్ల చిల్లర. రాడార్ కిరణాన్ని అర డిగ్రీ పైకెత్తి పంపుతారనుకో. భూమి వంపు కూడా కలుపుకుంటే తిరుపతి చేరేసరికి అది నేలకు దాదాపు 1200 మీటర్ల పైన ఉంటుంది. అంతకంటే కింద మబ్బులో పుట్టి పడే వాన దానికి చిక్కదు. కాబట్టి ఉపగ్రహం, రాడార్, కొండ మీద వాన కొలిచే డబ్బా, ఈ మూడూ కలిస్తేనే పూర్తి బొమ్మ.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఆ వానల్లో రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, కింది పల్లెలను ఖాళీ చేయించారు. రోజుల తరబడి అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. చెరువు నిండడానికి, మొరవ పారడానికి, కట్ట జారడానికి మధ్య గంటలు ఉంటాయి, కొన్నిసార్లు రోజులు ఉంటాయి. కక్ష్యలో ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చిన కబురు ఢిల్లీ, అమరావతి, జిల్లా, మండలం దాటి ఆ కట్ట మీద నిలబడ్డ మనిషికి అర్థమయ్యే మాటగా చేరాలి. 'కొన్నిచోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు' అంటే ఆయన ఏం చేయాలి? 'ఈ రాత్రి పది నుంచి తెల్లవారేలోగా మీ చెరువులోకి ఇంత నీళ్ళు రావచ్చు, తూము ఇప్పుడే తెరవండి' అంటే చేతికి పని దొరుకుతుంది. రెండు వేల కిలోల యంత్రాన్ని ముప్పై ఆరు వేల కిలోమీటర్లు పైకి పంపగలిగిన మనం ఆ చివరి ముక్క దూరం కూడా దాటించాలి. ఏ వంకలోకి ఎంత నీళ్ళు దిగుతాయో లెక్కవేసే పని ఇస్రో వచ్చి చేయదు. ఈ వంకలు, ఈ చెరువులు తెలిసినవాళ్ళు, ఇక్కడే పుట్టినవాళ్ళు చేయాలి.

విద్యార్థిని: సార్, భూమధ్యరేఖకు ఇంకా దగ్గరగా ఉన్న చోటు వదిలి శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారు?

తూర్పున ఖాళీ సముద్రం ఉంది కాబట్టమ్మా. రాకెట్ నుంచి విడిపోయే దశలు జనం మీద పడకూడదు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య జనం తక్కువ ఉన్న ద్వీపం. తూర్పుకు వదిలితే భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది. మన అక్షాంశం దగ్గర అది సెకనుకు 450 మీటర్లు. 1971 అక్టోబరులో మొదట చిన్న రోహిణి రాకెట్‌తో అక్కడ పని మొదలైంది. భూమధ్యరేఖకు దగ్గరగా తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర ఇప్పుడు ఇంకో కేంద్రం కడుతున్నారు, కానీ అది చిన్న రాకెట్లకు. జీఎస్‌ఎల్‌వీకి శ్రీహరికోటే.

విద్యార్థి: మేము బీఎస్సీ వాళ్ళం సార్. రాకెట్ ఇంజనీరింగ్ చదవలేదు. మాకు ఇందులో పని దొరుకుతుందా?

దొరుకుతుంది. రాకెట్ కట్టడానికి ఇంజనీర్లు కావాలి. అది పంపిన లెక్కలు చదవడానికి ఫిజిక్సు, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళు కావాలి, వాళ్ళే తక్కువ ఉన్నారు. కాస్త పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోండి. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తన కేంద్రం నడిపే మోస్‌డాక్ అనే వెబ్‌సైటు ఉంది. మీ పేరుతో రిజిస్టర్ చేసుకుంటే ఇన్‌శాట్ డేటా దించుకోవచ్చు. 2021 నవంబరు 18 పగలు, రాత్రి బొమ్మలు అరగంటకు ఒకటి చొప్పున తీసుకోండి. పక్కన మీ మండలంలో ఏ గంటకు ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాసుకోండి. రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో చూడండి. ప్రాజెక్టుకు అంతకంటే మంచి అంశం నాకు తెలిసి లేదు.

ప్రొజెక్టర్ ఆపకండి బాబూ. ఇంకా టైముంది కదా, ఆ సైటు తెరిచి ఎలా దించుకోవాలో చూపిస్తాను. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు ముందుకు రండి.